గణకుడి ప్రశ్న – గృహస్థుని జవాబు

చిత్తూరు జిల్లా దక్షిణపు కొసన, కర్ణాటక, తమిళనాడు సరిహద్దులకు చేరువలో రామకుప్పం ఉంది. ఈ ప్రాంతపు ముస్లిం ఇళ్ళలో కొన్నిట దక్కనీ ఉర్దూ, కొన్నిట తెలుగు మాట్లాడతారు. సంతలో తమిళం, కన్నడం కూడా వినవస్తాయి. ఇటువంటి చోట జనాభా లెక్కల గణకుడు గుమ్మంలో నిలిచి మాతృభాష ఏదని అడిగితే, వచ్చే జవాబు చాలావరకు ప్రశ్నను కూర్చిన తీరునుబట్టి ఉంటుంది.

1881లో ఉయ్యాలనాటి నుంచి మాట్లాడే భాషను అడిగారు. 1891లో అది తల్లిదండ్రుల భాష అయింది. 1901లో సాధారణంగా వాడే భాష అన్నారు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత, చిన్ననాట తల్లి బిడ్డతో మాట్లాడిన భాష అనే నిర్వచనం స్థిరపడింది. ఇవన్నీ ఒకటేనని పైకి అనిపిస్తుంది. కాని తెలుగు మాట్లాడే ఇంటి ఆడపిల్ల ఉర్దూ మాట్లాడే ఇంటికి కోడలుగా వచ్చి, తన బిడ్డను తెలుగులోనే లాలించిందనుకోండి. 1901 నాటి ప్రశ్న ఆ బిడ్డను ఉర్దూ పట్టికలో చేరుస్తుంది. తరువాతి ప్రశ్న తెలుగు పట్టికలో చేరుస్తుంది. ఇంట్లో ఏ మార్పూ లేదు. కనుక ఆ రెండు పట్టికలను పక్కపక్కన పెట్టి ఉర్దూ పెరిగిందనో తరిగిందనో తేల్చడం తొందరపాటే.

కులం గడి కథ ఇంతకన్నా చిక్కైనది. మద్రాసు రాజధాని జనాభా లెక్కలలో ముస్లిములను షేక్, సయ్యద్, లబ్బై, దూదేకుల మొదలైన పేర్లతో విడివిడిగా చూపేవారు. ఎవరు ఏ పేరు చెబితే అదే రాసుకోవాలా, లేక అధికారి నిర్ణయించాలా? ఈ సమస్య కొత్తది కాదు. దైవప్రవక్త (స) మదీనాలో ఇస్లాంను నోటితో ప్రకటించినవారి పేర్లు రాయమని ఆదేశించారని హుజైఫా (రజి) ఉల్లేఖనం బుఖారీలో ఉంది. అక్కడ ప్రమాణం మనిషి స్వయంగా చెప్పిన మాట. వచ్చిన సంఖ్య ఒక ఉల్లేఖనంలో 1500, మరో దానిలో 500, ఇంకొక దానిలో 600 నుంచి 700 వరకు ఉండడం గమనించదగినది. హదీసు పండితులు ఈ తేడాను దాచలేదు, చర్చించారు.

కులాలవారీ పూర్తి పట్టికలు 1931తో ఆగిపోయాయి. 1951 నుంచి షెడ్యూల్డు కులాలు, తెగల వివరాలు మాత్రమే రాసుకున్నారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ముస్లిములు షెడ్యూల్డు కులాలలోకి రారు. కాబట్టి నూర్‌బాషాల గురించిగాని, ఫకీరుల గురించిగాని ఆ గడిలో ఒక్క అక్షరం పడలేదు. అడగని ప్రశ్నకు జవాబు ఎక్కడిది?

దీని ఫలితం తరువాత కనబడింది. 1970లో ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల జాబితాలో దూదేకుల, మెహతర్లకు చోటు దొరికింది. 1980లో నివేదిక ఇచ్చిన మండల్ కమిషన్ 11 సూచికలకు 22 మార్కులు పెట్టి, సగం వచ్చిన కులాలను వెనుకబడినవిగా ఎంచింది. ముస్లిములకు ఆ కొలత వాడక, వృత్తి పేరునే ప్రధానంగా చూసింది. 2007లో రాష్ట్రం 14 ముస్లిం సముదాయాలకు ‘ఇ’ వర్గం కింద 4 శాతం రిజర్వేషను ఇచ్చింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. మతాన్ని ఆధారం చేసుకున్నదనడంతో పాటు, సేకరించిన సమాచారం శాస్త్రీయంగా లేదన్నది కూడా ఒక కారణం. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో రిజర్వేషను కొనసాగింది.

రాబోయే జనాభా లెక్కలలో కులం అడగాలని 2025 ఏప్రిల్ 30న కేంద్ర మంత్రివర్గ రాజకీయ వ్యవహారాల సంఘం నిర్ణయించింది. దూదేకుల, నూర్‌బాషా, లద్దాఫ్, పింజారి అన్న పేర్లన్నీ జాబితాలో ఒకే సముదాయానివి. వాటిని ఒకే సంకేత సంఖ్య కింద కలిపితేనే ఆ సముదాయం పూర్తిగా లెక్కకు వస్తుంది. అలా కలిపినా, గౌరవం కోసం ‘షేక్’ అని చెప్పిన దూదేకుల కుటుంబం ‘బి’ వర్గం లెక్కనుంచి తప్పి ‘ఇ’ వర్గంలో పడుతుంది.