ఎవరికి ఏ తాళంచెవి?

ఉమ్మడి కుటుంబాల్లో పెద్దావిడ బొడ్లో తాళంచెవుల గుత్తి ఉండేది. బియ్యం కొట్టు ఎవరు తెరవాలి, ఊరగాయ జాడీ ఎవరు ముట్టుకోవాలి, ఇనప్పెట్టె ఎవరు తీయాలి అన్నది ఎక్కడా రాసి ఉండేది కాదు. కొత్తకోడలు నాలుగు మాటలు పడి నేర్చుకోవాల్సిందే. ఇలాంటి చిక్కే అమెరికాలో కంప్యూటర్ సరదా ఉన్న కొందరికి నలభై ఏళ్ల కిందట వచ్చింది. వాళ్లు దాన్ని విప్పుకున్న తీరు మనం తెలుసుకోదగ్గది.

1978 జనవరిలో షికాగోలో పెద్ద మంచు తుఫాను వచ్చింది. ఇల్లు కదిలే వీల్లేని ఆ రోజుల్లో వార్డ్ క్రిస్టెన్సెన్, రాండీ స్యూస్ అనే ఇద్దరు స్నేహితులకి ఒక ఆలోచన వచ్చింది. తమ క్లబ్బులో గోడమీది బోర్డుకి చీటీలు గుచ్చుతాం కదా, ఆ చీటీలేవో కంప్యూటర్లోనే పెడితే? ఫిబ్రవరి 16న అది మొదలైంది. ఇళ్లలో ఇంటర్నెట్ లేని కాలం అది. మన కంప్యూటర్‌కి మోడెం తగిలించి ఫోన్ చేస్తే అవతల కంప్యూటరే ఎత్తుతుంది. లైను ఒక్కటే కాబట్టి ఒకరు ఉండగా ఇంకొకరు చేస్తే ఎంగేజ్.

తర్వాత ఇలాంటి బులెటిన్ బోర్డులు ఊరూరా వచ్చాయి. చాలావరకు ఎవరో ఒకరి ఇంట్లో, వాళ్ల సొంత డబ్బుతో నడిచేవే. నడిపే మనిషిని సిస్ఆప్ అనేవారు. ఆయన నిద్రపోతున్న వేళ ముక్కూమొహం తెలియనివాళ్లు ఆయన కంప్యూటర్లోకి వచ్చేవారు. ఒక్కో అక్షరం నొక్కితే ఒక్కో పని. ఉత్తరం చదవడం, రాయడం, ఫైలు తీసుకోవడం, చెరిపేయడం. చివరికి కంప్యూటర్ మొత్తాన్నీ చేతిలోకి తీసుకునే ఆజ్ఞ కూడా. అది తెలియనివాడి చేతిలో పడితే ఇంకేముంది?

అందుకని ప్రతి మనిషికీ ఒక స్థాయి, ప్రతి ఆజ్ఞకీ కనీసం ఇంత స్థాయి ఉండాలని ఒక హద్దు పెట్టారు. 1984లో వేన్ బెల్ అనే కుర్రవాడు రాసిన డబ్ల్యుడబ్ల్యుఐవి అనే ప్రోగ్రాంలో స్థాయిలు 0 నుంచి 255 దాకా. పైమెట్టు 255 సిస్ఆప్‌ది. ఓపస్ అనే ఇంకో ప్రోగ్రాంలో అంకెలకి బదులు పేర్లే. అడుగున తింగరివాడు, ఆ పైన పరువు పోగొట్టుకున్నవాడు, తర్వాత మామూలువాడు, అలా ఎక్కుతూ సిస్ఆప్ దాకా. పేర్లు చూస్తే మన పెళ్లిళ్లలో చుట్టాల వరస గుర్తొచ్చి నవ్వొచ్చింది!

కొత్తగా వచ్చినవారికి ముందు చిన్న స్థాయే. కొందరు సిస్ఆప్‌లు ఫోన్ చేసి మనిషి నిజమేనా అని చూసుకుని స్థాయి పెంచేవారు. రోజుకి ఎన్ని నిమిషాలు ఉండొచ్చో కూడా స్థాయిని బట్టే. నమ్మకాన్ని ఒక్కసారిగా గుమ్మరించకుండా, మెట్టు మెట్టుగా ఇవ్వడమన్నమాట. పైగా ఎవరి హద్దు ఎంతో రాసి ఉండేది. మన ఇళ్లలో లేనిది ఇదే.

అయితే ఒక్క మాట. చాలా బోర్డుల్లో మనకి అనుమతి లేని ఆజ్ఞ మెనూలో అసలు కనపడేదే కాదు. తెర శుభ్రంగా ఉంటుంది, నిజమే. కానీ ఆ తలుపు ఉందనే తెలియనివారు తాళంచెవి ఎలా అడుగుతారు?

ఇది చదివినప్పుడు నాకు మా పిన్ని గుర్తొచ్చింది. బాబాయి పోయాక గానీ బ్యాంకులో లాకరు ఉందని ఆవిడకి తెలియలేదు. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆవిణ్ణి ఎవరూ వద్దనలేదు. కాదన్నవారూ లేరు. ఆవిడ మెనూలో ఆ వరుస కనపడలేదు, అంతే.

తెలివైన సిస్ఆప్‌లు ఊరెళ్లేటప్పుడు బోర్డు చూసుకోవడానికి ఒక సహాయకుణ్ణి పెట్టుకుని, దాదాపు తమంత స్థాయి ఇచ్చేవారు. ఆ ఏర్పాటు మనకీ కావాలి. లాకరు, బీమా కాగితాలు, ఫోన్లో డబ్బు పంపే రహస్య అంకెలు, వీటిలో మీకు తెలిసినవెన్ని, మీవారికి తెలిసినవెన్ని, ఒక కాగితంమీద పక్కపక్కన రాసి చూడండి. ఖాళీగా మిగిలిన గళ్ల గురించి ఈ రాత్రి భోజనాల దగ్గరే అడగండి.