పళ్ళు ఊడటం వయసు వల్ల కాదు

చిగుళ్ళ జబ్బు గురించి మన దగ్గర రెండు కథలు చెలామణిలో ఉన్నాయి. తాతముత్తాతలు వేపపుల్లతో పళ్ళు తోముకున్నన్నాళ్ళూ చిగుళ్ళు గట్టిగా ఉన్నాయనీ, పేస్టులు వచ్చాకే పాడయ్యాయనీ ఒకటి. పూర్వమంతా అజ్ఞానమేననీ, బ్రష్షు వచ్చాకే పళ్ళు నిలిచాయనీ ఇంకొకటి. హైదరాబాద్‌లోని ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల్లో నలభై ఏళ్ళు నిండకుండానే పళ్ళు కదిలిపోతున్న కార్మికుడి సంగతి ఈ రెండు కథల్లో దేనికీ అందదు.

పాత సంగతులు క్లుప్తంగా చెప్పుకుందాం. సుశ్రుత సంహిత దంతమూల రోగాలను పిప్పిపళ్ళ నుంచి వేరు చేసి చెప్పింది. అకారణంగా చిగుళ్ళ నుంచి రక్తం కారడాన్ని శీతాదమనీ, చిగుళ్ళు మండి పళ్ళు కదలడాన్ని ఉపకుశమనీ అంది. 1683లో డచ్చి దేశీయుడు లేవెన్‌హుక్ తన పళ్ళ సందుల్లోని పాచిని గీకి, భూతద్దం కింద కదిలే సూక్ష్మజీవులను చూసి, లండన్ రాయల్ సొసైటీకి రాశాడు. ఆ జీవులకూ చిగుళ్ళ వాపుకూ ఉన్న సంబంధం తేలడానికి మాత్రం దాదాపు మూడు వందల ఏళ్ళు పట్టింది.

ఈ జాప్యానికి సూక్ష్మదర్శినులు లేకపోవడం కారణం కాదు. 1870ల్లోనే అమెరికా వైద్యుడు జాన్ రిగ్స్ పళ్ళ మీద పేరుకున్న గారను వేళ్ళ దాకా గీకి శుభ్రం చేస్తే పన్ను నిలుస్తుందని చెప్పాడు. ఆ దారిలోనే నడిచి ఉంటే బాగుండేది. 1910 తర్వాత బ్రిటిష్ వైద్యుడు విలియం హంటర్ వాదన బలం పుంజుకుంది. నోటిలోని చీము ఒళ్ళంతా పాకి కీళ్ళనూ గుండెనూ దెబ్బ తీస్తుందని ఆయన అన్నాడు. దాంతో అనుమానం వచ్చిన పన్నునల్లా పీకేయడం రెండు మూడు దశాబ్దాల పాటు గౌరవనీయమైన వైద్యంగా సాగింది. పయోరియా అనే మాట మన ఇళ్ళలోకి వచ్చింది ఈ భయంతో పాటే. అది సోకితే నయం కాదు, పన్ను తీయించుకోవడమే మార్గం అన్న నమ్మకం ఇప్పటికీ మన పెద్దల్లో గట్టిగా ఉంది. దీన్ని పల్లెటూరి మూఢనమ్మకం అంటే నేను ఒప్పుకోను. ఒకనాటి వైద్యశాస్త్రమే నేర్పిన పాఠం అది.

ఆ పాఠాన్ని తిరగరాసింది 1965 నాటి ఒక చిన్న ప్రయోగం. డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో హరాల్డ్ లోయ్, ఆయన సహచరులు ఆరోగ్యవంతులైన 12 మంది చేత పళ్ళు తోముకోవడం మాన్పించారు. పది రోజుల నుంచి మూడు వారాల లోపు అందరి చిగుళ్ళూ వాచాయి. తోమడం మొదలుపెట్టగానే వాపు తగ్గింది. వయసు కాదు, విటమిన్ లోపం కాదు, పాచే కారణమని తేలింది. చిగుళ్ళ నుంచి రక్తం వస్తే విటమిన్ సి గోళీలు మింగి ఊరుకునేవాళ్ళు నేటికీ ఉన్నారు కాబట్టి ఈ మాట మళ్ళీ చెప్పాల్సి వస్తోంది. గోళీలు అవసరమైన స్కర్వీ ఇప్పుడు అరుదు.

అయితే ఆ ప్రయోగం చిగురు వాపు వరకే చెప్పింది. పన్నును పట్టి ఉంచే ఎముక ఎందుకు కరుగుతుందో చెప్పలేదు. అందుకే లోయ్ బృందం 1970 నుంచి 15 ఏళ్ళ పాటు శ్రీలంక తేయాకు తోటల్లో 480 మంది కూలీలను పరిశీలించిన తీరు నాకు ఇంకా విలువైనదిగా తోస్తుంది. వాళ్ళకు పళ్ళు తోముకునే అలవాటు లేదు, దంతవైద్యుడు అందుబాటులో లేడు. అందరి నోళ్ళలోనూ పాచీ గారా ఉన్నాయి. అయినా సుమారు 8 శాతం మందికి జబ్బు వేగంగా ముదిరి 45 ఏళ్ళకే పళ్ళన్నీ పోయాయి. 81 శాతం మందికి నెమ్మదిగా ముదిరింది. 11 శాతం మందికి చిగురు వాపు దాటి పోలేదు. ఇక్కడ గమనించాల్సింది మరొకటుంది: వాళ్ళకు పిప్పిపళ్ళు దాదాపు లేవు. పుచ్చని పళ్ళే ఊడిపోయాయి.

ఆ తోటల లెక్కలు మనకు యథాతథంగా వర్తిస్తాయని అనను. తిండి వేరు, ఒంటి తీరు వేరు. కానీ రెండు విషయాలు తేలాయి. పాచి లేనిదే జబ్బు మొదలవదు. ఒకే పాచి ఉన్నా జబ్బు అందరికీ ఒకేలా ముదరదు. వేపపుల్లతో తోమినా బ్రష్షుతో తోమినా పన్నూ చిగురూ కలిసే చోట, పళ్ళ సందుల్లో పాచి పోయిందా లేదా అన్నదే లెక్క. పుల్ల ముందు పళ్ళను బాగా శుభ్రం చేస్తుంది, వెనక దవడ పళ్ళ లోపలి వైపుకు అందదు. హడావుడిగా రుద్దే బ్రష్షూ అంతే. బొగ్గుపొడి, ఇటుకపొడి చిగుళ్ళను అరగదీస్తాయి.

జబ్బు ముదిరే తీరులో తేడా తెచ్చేవాటిలో పొగాకు, షుగరు వ్యాధి ముఖ్యమైనవి. 1992లో కేంద్రం పళ్ళపొడుల్లో, పేస్టుల్లో పొగాకు వాడకాన్ని నిషేధించింది. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గుట్కాను నిషేధించింది. నిషేధం కాగితం మీద గట్టిదే, పాన్ డబ్బాల దగ్గర కాదు. పొగ తాగేవాళ్ళ విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. చిగుళ్ళ రక్తస్రావం తగ్గిపోయి, జబ్బు ఉన్నా లేనట్టే కనిపిస్తుంది. షుగరు చిగుళ్ళను చెడగొడుతుందనడంలో సందేహం లేదు. చిగుళ్ళకు చికిత్స చేస్తే షుగరు తగ్గుతుందా అన్నదే వివాదం. 2013 నాటి ఒక పెద్ద అమెరికన్ ప్రయోగం తగ్గదంది. 2022 నాటి కాక్రేన్ సమీక్ష సగటు షుగరును చూపే హెచ్‌బీఏ1సీ మూడు నాలుగు నెలలకు 0.43 శాతం పాయింట్ల మేర తగ్గుతుందని తేల్చింది. చిన్న లాభమే, కానీ రోగికి పనికొచ్చేది.

ఇక ఇవాళ్టి మాట. ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి హబ్సిగూడ దాకా డెంటల్ క్లినిక్‌ల బోర్డులకు కొదవ లేదు. వాటి మీద పెద్ద అక్షరాల్లో కనిపించేవి ఇంప్లాంట్లు, అలైనర్లు, పళ్ళ తెలుపు. చిగుళ్ళ జబ్బు కోసం వచ్చేవాళ్ళు మాత్రం ‘క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయి’ అన్న భయంతో వెనక్కి తగ్గుతారు. నిజానికి గార పన్నును పట్టి ఉంచదు. అది పోయాక, వాపు తీశాక, ఎముక కరిగి ఎప్పుడో వదులైన పన్ను బయటపడుతుందంతే. ఈ ముక్క ఓపిగ్గా చెప్పే తీరిక చాలా క్లినిక్‌లలో లేదు.

కార్మికుల కోసం నాచారంలో ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. ఆ పథకంలో వేతన పరిమితి 2017 నుంచి నెలకు 21,000 రూపాయల దగ్గరే ఉంది. షిఫ్టు వదులుకుని వెళ్ళాలంటే పన్ను నొప్పి పుట్టాలి. చిగుళ్ళ జబ్బుకు ఆఖరి దాకా నొప్పి ఉండదు. ముప్పై దాటినవారికి ప్రభుత్వం జరిపే పరీక్షల్లో బీపీ, షుగరు చూస్తారు, క్యాన్సర్ కోసం నోరు తెరిపించి చూస్తారు. చిగుళ్ళు మాత్రం కొలవరు. కొనకు అర మిల్లీమీటరు గుండు ఉన్న సన్నని ప్రోబ్‌ను చిగురుకూ పన్నుకూ మధ్య మెల్లగా దించి లోతు చూస్తే చాలు. మూడు మిల్లీమీటర్ల లోపైతే భయం లేదు. ప్రోబ్ మీద ఉండే నల్ల గీత చిగురు కిందికి పోతే చికిత్స మొదలుపెట్టాలి. ఎక్స్‌రే కంటే ముందే చేయగల పరీక్ష ఇది.

బస్తీ దవాఖానాల్లో షుగరు చూసే చోటే ఈ ప్రోబ్ కూడా ఉండాలి. అది వచ్చేదాకా, షుగరు ఉన్నవాళ్ళూ పొగాకు అలవాటున్నవాళ్ళూ డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు చిగుళ్ళ లోతు కొలవమని అడగండి.