లైడెన్ గాలిమర: కనుమరుగైన కట్టడం, మిగిలిన ఇంటిపేరు

ఊరు, వృత్తి, పూర్వికుని పేరు – తెలుగువారి ఇంటిపేర్లకు ప్రధానమైన ఆధారాలు. ఊరు పాడుపడినా, వృత్తి మారినా ఇంటిపేరు నిలిచే ఉంటుంది. అందుకే చరిత్ర పరిశోధకుడికి అది విలువైన సాక్ష్యం. డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ హార్మెన్‌జోన్ వాన్ రైన్ (1606–1669) పేరులోనూ ఇటువంటి సాక్ష్యమే ఉంది. ‘హార్మెన్‌జోన్’ అంటే హార్మెన్ కుమారుడు. ‘వాన్ రైన్’ అనేది లైడెన్ నగరంలో రైన్ నదీపాయ సమీపాన నిలిచిన ఒక గాలిమరతో ముడిపడిన పేరు. ఆ మర నేడు లేదు. దానిని నడిపిన కుటుంబం గురించి లభిస్తున్న ఆధారాలను, దాని చుట్టూ అల్లుకున్న కథనాలను వేరుచేసి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ మర చరిత్ర యుద్ధంతో మొదలవుతుంది. 1573–74లో స్పానిష్ సేనలు లైడెన్‌ను ముట్టడించాయి. ఆ కాలంలో కోట వెలుపల ఉన్న కుటుంబపు మర నాశనమైంది. 1574 అక్టోబరు 3న ముట్టడి తొలగింది. అనంతరం రెంబ్రాంట్ నాయనమ్మ లైస్బెత్ హార్మెన్స్‌డోఖ్టర్, ఆమె రెండవ భర్త కోర్నెలిస్ క్లాస్‌జోన్ నోర్డ్‌వైక్ నుంచి ఒక మరను తరలించి నగర ప్రాకారంపై నెలకొల్పారు. రెంబ్రాంట్ జీవితచరిత్రలు తండ్రిని ‘మరవాడు’గా పరిచయం చేయడం పరిపాటి. కాని వైధవ్యం, ముట్టడి రెండింటినీ దాటి ఆ జీవనాధారాన్ని తిరిగి నిలబెట్టినవారిలో ఆ నాయనమ్మ ముఖ్యురాలు. ఆమె కుమారుడు హార్మెన్ గెర్రిట్‌జోన్ తరువాత మరలో సగం వాటా పొందాడు. రొట్టెల వృత్తి కుటుంబానికి చెందిన నేల్ట్‌గెన్‌ను 1589లో వివాహమాడాడు.

అది బీరు తయారీకి కావలసిన మాల్టును, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యాన్ని, విసిరే మర. నిర్మాణరీత్యా ఒంటిస్తంభపు మర. బలమైన ఒకే దూలంపై కొయ్యగది అంతా ఆధారపడి ఉంటుంది. గాలి ఏ దిక్కు నుంచి వీస్తే ఆ దిక్కుకు రెక్కలతో సహా గదినంతటినీ తిప్పాలి. లోపల తిరగలి రాళ్లకు, పళ్లచక్రాలకు, ధాన్యపు బస్తాలకు పోగా సంసారానికి చోటు మిగలదు. రెంబ్రాంట్ గాలిమరలో పుట్టాడన్న ప్రచారం ఈ ఒక్క కారణంతోనే బలహీనపడుతుంది. కుటుంబం నివసించినది మరకు చేరువలోని వెడ్డెస్టేగ్ అనే సందులో. ఆ ఇల్లు కూడా ఇప్పుడు లేదు, జన్మస్థలాన్ని తెలిపే ఫలకం మాత్రం ఉంది.

ఈ ప్రచారానికి చిత్రాలే ఊతమిచ్చాయి. 1641 నాటి ‘గాలిమర’ అనే లోహఫలక ముద్రణ చాలాకాలం ‘రెంబ్రాంట్ మర’గా చలామణి అయింది. నిజానికి అది ఆమ్‌స్టర్‌డామ్ ప్రాకారంపై తోళ్ల పనివారు వాడిన మర. అక్కడి చేపనూనె వాసన వల్ల దానికి ‘చిన్న కంపుమర’ అని పేరు వచ్చింది. పైగా అది అష్టకోణాకారపు కట్టడం, ఒంటిస్తంభపు మర కాదు. లైడెన్‌లో 1987లో పునర్నిర్మించిన ‘డె పుట్’ మర ఒంటిస్తంభపుదే అయినా, అది యాన్ యాన్‌జోన్ పుట్ అనే మరో మరవాని పేరిట వెలసినది. సందర్శకులు దానినే చిత్రకారుని మరగా భావించడం సులువు.

నిరుపేద మరవాని ఇంట మేధావి పుట్టాడన్న కథ ఆకర్షణీయమైనదే. కాని మరలో వాటా ఉన్న కుటుంబం నిరుపేదది కాదు. ఆ కుటుంబం రెంబ్రాంట్‌ను లాటిన్ పాఠశాలకు పంపింది. 1620లో అతని పేరు లైడెన్ విశ్వవిద్యాలయంలో నమోదైంది. తోబుట్టువులలో అద్రియాన్ చెప్పుల పనివాడై, తరువాత మరను చేపట్టాడు. 1630లో తండ్రి మరణించాడు. ఆ తరువాత రెంబ్రాంట్ ఆమ్‌స్టర్‌డామ్ చేరాడు.

అతని సంతకాలు ఈ చరిత్రకు చివరి సాక్ష్యం. లైడెన్ కాలంలో తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు కలిపిన పొడి అక్షరాలతో సంతకం చేసేవాడు. 1632లో వాటికి ‘వాన్ రైన్’ చేర్చాడు. 1633 నుంచి ‘రెంబ్రాంట్’ ఒక్కటే మిగిలింది. ప్రాకారంపై మర ఇంకా తిరుగుతుండగానే, దాని పేరు చిత్రాల అంచుల నుంచి తప్పుకుంది. చిత్రకారుడు విడిచిన ఆ ఇంటిపేరును లోకం మాత్రం విడవలేదు. నాయనమ్మ తిరిగి నిలబెట్టిన మరకు నేడు మిగిలిన స్మారకం అదే.