ఉస్మానియాలో ఆగిన ఓట్లు
ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1970ల నాటి విద్యార్థి రాజకీయాల్లో ఒక పక్షాన నిలవడమంటే ఓటేసి ఊరుకోవడం కాదు. హాస్టల్ గదులన్నీ తిరగాలి, గోడలపై నినాదాలు రాయాలి, ఒక్కోసారి దెబ్బలకూ సిద్ధపడాలి. భౌతికశాస్త్రం చదివిన వామపక్ష విద్యార్థి నాయకుడు జార్జిరెడ్డిని 1972 ఏప్రిల్ 14న ఇంజనీరింగ్ కళాశాల హాస్టల్ వద్ద పొడిచి చంపారు. ఆయన సహచరుల కృషి నుంచే తర్వాత పీడీఎస్‌యూ అనే విద్యార్థి సంఘం రూపుదిద్దుకుంది.

1980ల చివర, క్యాంపస్ హింస నేపథ్యంలో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆగిపోయాయి. హింసను అణచాల్సిన చోట ఓటునే తీసేయడం అన్యాయం. గచ్చిబౌలిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయంలో మాత్రం ఎస్ఎఫ్ఐ, ఏబీవీపీ, అంబేడ్కర్ విద్యార్థి సంఘం వంటి సంఘాలు ఎన్నికల్లో పోటీపడుతూ వచ్చాయి. విద్యార్థి ఎన్నికలపై 2006లో సుప్రీంకోర్టు ఆమోదించిన లింగ్డో కమిటీ సిఫార్సులు అభ్యర్థి ఖర్చును 5,000 రూపాయలకు పరిమితం చేశాయి. అచ్చు పోస్టర్లు వద్దని, చేతిరాత పోస్టర్లకే చోటిచ్చాయి.