యజమాని లేని భాషకు పరీక్ష ఎవరు పెట్టాలి?

ఒక ప్రోగ్రామింగ్ భాషను తీర్చిదిద్దేవాళ్లు, రోజూ వాడేవాళ్లు కలిసి లాభాపేక్ష లేని సంస్థగా ఏర్పడి, ఆ భాష ఎవరికి ఎంత వచ్చో పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటే సముదాయ సర్టిఫికేషన్. హైదరాబాద్ అమీర్‌పేటలో కోర్సులు చేసినవాళ్లకు బాగా తెలిసిన పద్ధతి వేరు. 1995లో జావాను విడుదల చేసిన సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీయే జావా పరీక్షా పెట్టింది. 2010లో సన్‌ను కొన్న ఒరాకిల్‌కు ఆ పరీక్షలు కూడా దక్కాయి. రూబీ, పైథాన్, పెర్ల్ లాంటి భాషలకు అలాంటి యజమాని లేడు. వాటిని లోకమంతా చెదిరి ఉన్న ప్రోగ్రామర్లు పోషిస్తున్నారు. పరీక్ష కావాలంటే వాళ్లలోంచే ఎవరో పూనుకోవాలి.

ఈ దారిలో ముందు నడిచింది భాష కాదు, లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్. సొంత సర్టిఫికేషన్ ఎలా నిర్మించుకోవచ్చో వివరిస్తూ డాన్ యార్క్ 1998 అక్టోబరులో ‘లినక్స్ గెజెట్’ పత్రికలో రాశాడు. ఆ చర్చల్లోంచే 1999లో లినక్స్ ప్రొఫెషనల్ ఇన్‌స్టిట్యూట్ పుట్టింది. 2000 జనవరిలో తొలి పరీక్ష వచ్చింది. లినక్స్ రకాలైన రెడ్‌హ్యాట్, డెబియన్‌లలో ఎవరి పక్షమన్న తగువు రాకుండా, సాఫ్ట్‌వేర్‌ను అమర్చే రెండు రకాల ప్యాకేజీ పద్ధతులకూ పాఠ్యాంశాల్లో చోటిచ్చారు. సముదాయం పెట్టే పరీక్షకు ఈ తటస్థతే ప్రాణం.

భాషల్లో బాగా నిలదొక్కుకున్న ఉదాహరణ రూబీ. 1995లో తొలిసారి బయటికొచ్చిన ఈ భాషను సృష్టించిన యుకిహిరో మత్సుమోతో జపాన్‌లోని షిమానే ప్రాంతంలో, మత్సుయే నగరంలో స్థిరపడ్డాడు. జపాన్‌లో అతి తక్కువ జనాభా ఉన్న ప్రాంతాల్లో షిమానే ఒకటి. చదువుకున్న యువత పెద్ద నగరాలకు తరలిపోతుంటే, ఊళ్లోనే ఉన్న ఈ భాషను ఆసరా చేసుకోవాలని నగరపాలక సంస్థ 2006లో ‘రూబీ సిటీ మత్సుయే’ ప్రాజెక్టు మొదలుపెట్టింది. మరుసటి ఏడాది మత్సుమోతో అధ్యక్షుడిగా రూబీ అసోసియేషన్ ఏర్పడి, ప్రోగ్రామర్లకు సర్టిఫికేషన్ పరీక్ష తెచ్చింది. భాషను పుట్టించిన మనిషే వెనక నిలబడటంతో ఆ పత్రానికి మొదటి రోజు నుంచే బరువు వచ్చింది. చాలా భాషలకు ఈ అదృష్టం లేదు. పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పరీక్షల జోలికి వెళ్లలేదు. పైథాన్ పేరుతో ఉన్న పరీక్షలను నడిపేవి వేరే సంస్థలు.

రూబీ పరీక్షలో సిల్వర్, గోల్డ్ అని రెండు మెట్లున్నాయి. ఒక్కోదానిలో 50 ప్రశ్నలు, 90 నిమిషాలు. గట్టెక్కాలంటే 75 శాతం రావాలి. సిల్వర్ వ్యాకరణాన్నీ, స్ట్రింగ్, అర్రే, హ్యాష్ లాంటి నిత్యావసరాలనూ అడుగుతుంది. తరగతుల (క్లాసుల) లోతుపాతులు, ప్రామాణిక లైబ్రరీలు గోల్డ్ వంతు.

బయటివాళ్లకు కనపడని కష్టమంతా ప్రశ్నలు తయారుచేయడంలో ఉంది. ముందుగా పనిలో ఉన్నవాళ్లను అడిగి, ఉద్యోగంలో నిజంగా ఏం అవసరమో జాబితా వేయాలి. భాషలో నిపుణుడైనంత మాత్రాన మంచి ప్రశ్న రాయడం రాదు. ఎక్కడో మూలనున్న ఆప్షన్ పేరు అడిగే ప్రశ్న జ్ఞాపకశక్తిని కొలుస్తుందే తప్ప పనితనాన్ని కొలవదు. రూబీలో సున్నాను ‘నిజం’గా తీసుకుంటుందా, ‘అబద్ధం’గానా అని అడిగితే సంగతి వేరు. సి భాషలో సున్నా అబద్ధం. రూబీలో మాత్రం నిల్, ఫాల్స్ తప్ప మిగిలినవన్నీ నిజమే. సి అలవాటుతో వచ్చి రూబీని పైపైన చూసినవాడు ఇక్కడ తప్పటడుగు వేస్తాడు, రోజూ రాసేవాడు వేయడు. ఇలా తెలిసినవాణ్ణీ తెలియనివాణ్ణీ వేరుచేయగల ప్రశ్నే మంచి ప్రశ్న. అందుకే ప్రశ్నలను ముందు కొందరిపై పరీక్షించి, మొత్తం మీద మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లే తప్పు చేస్తున్న ప్రశ్నలను ఏరి పారేస్తారు.

ఉత్తీర్ణత మార్కు కూడా నోటికొచ్చినట్టు పెట్టేది కాదు. విలియం ఆంగాఫ్ 1971లో ప్రస్తావించిన పద్ధతి ఇప్పటికీ విరివిగా వాడుకలో ఉంది. ‘పనికి బొటాబొటిగా సరిపోయే ప్రోగ్రామర్లు వందమంది ఉంటే, ఈ ప్రశ్నకు ఎంతమంది సరిగ్గా చెబుతారు?’ అని నిపుణులను ఒక్కో ప్రశ్నకూ విడివిడిగా అడిగి, ఆ అంచనాల సగటుతో గీత గీస్తారు.

అయినా ప్రశ్నలు పాతబడతాయి. రూబీ కొత్త వెర్షన్ ఏటా క్రిస్మస్ నాడు రావడం 2013 నుంచి ఆనవాయితీ. ‘1 ఏ తరగతికి చెందింది?’ అన్న ప్రశ్నకు ఒకప్పుడు సరైన జవాబు ఫిక్స్‌నమ్. 2016 డిసెంబరులో వచ్చిన 2.4 వెర్షన్ నుంచి ఇంటీజర్ అని చెప్పాలి. పాత జవాబును సరైనదిగా లెక్కించే ప్రశ్న ఒక్కటి మిగిలినా పత్రం మీద నమ్మకం సడలుతుంది. పైగా బయటికి పొక్కిన ప్రశ్నలను ‘డంప్స్’ పేరుతో బట్టీపట్టేవాళ్లుంటారు కాబట్టి ప్రశ్నల నిధిని ఎప్పటికప్పుడు మార్చాల్సిందే. జీతం లేకుండా, సాయంత్రాలు కూర్చుని పనిచేసే స్వచ్ఛంద బృందాలు అలసిపోయేది ఇక్కడే.

గిట్‌హబ్‌లో కోడ్ కనిపిస్తుంటే కాగితం ఎందుకన్న అభ్యంతరం ఓపెన్ సోర్స్ వర్గాల్లో ఎప్పటి నుంచో ఉంది. అందులో న్యాయం ఉంది, కానీ సగమే. ఇంటి పనితో, ఉద్యోగంతో సతమతమవుతూ రాత్రిపూట ఉచితంగా కోడ్ రాసే తీరిక లేనివాళ్లకు, ఇంకా ఎవరూ అవకాశమివ్వని కొత్త పట్టభద్రులకు, అందుబాటు ధరలో నిజాయితీగా జరిగే పరీక్ష ఒక తలుపు తెరుస్తుంది. శిక్షణ అమ్మేవాళ్లే ప్రశ్నపత్రమూ దిద్దితే ఆ తలుపుకు అర్థం పోతుంది. వ్యక్తుల సర్టిఫికేషన్‌కు ప్రమాణమైన ఐఎస్ఓ/ఐఈసీ 17024 నిష్పాక్షికతను అంత గట్టిగా కోరేది అందుకే.

ధర గురించి బాగా ఆలోచించినవాళ్లు బీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్ సముదాయం వాళ్లు. డ్రూ లవీన్ తదితరులు 2005లో ఏర్పరచిన బీఎస్‌డీ సర్టిఫికేషన్ గ్రూప్, పరీక్షల శాస్త్రాన్ని పక్కాగా పాటిస్తూనే, ఖరీదైన కంప్యూటర్ కేంద్రాలకు బదులు సాంకేతిక సదస్సుల్లో కాగితం మీద పరీక్ష పెట్టింది. సదస్సుకు వచ్చినవాళ్లు ప్రసంగాల మధ్య ఒక గదిలో కూర్చుని పెన్సిల్‌తో జవాబులు గుర్తించేవాళ్లు. సదస్సులు జరగని దేశాల వాళ్లకు మాత్రం అది సులువుగా అందలేదు. చివరికి ఆ బృందం లినక్స్ ప్రొఫెషనల్ ఇన్‌స్టిట్యూట్‌తో చేతులు కలిపింది. ఇప్పుడు బీఎస్‌డీ పరీక్షను నిర్వహిస్తున్నది ఆ ఇన్‌స్టిట్యూటే.