పరపతి ఎవరిది? కలకత్తా బ్యాంకుల చరిత్రలో ఒక ప్రశ్న

తెలుగులో ‘పరపతి’ అనే మాటకు రెండర్థాలు వాడుకలో ఉన్నాయి. ఒకటి అప్పు. సహకార పరపతి సంఘం అన్నప్పుడు మనం ఆ అర్థంలోనే వాడుతున్నాం. రెండవది పలుకుబడి. ఊళ్లో పరపతి గల మనిషి అంటే నలుగురిలో మాట చెల్లేవాడని అర్థం. ఈ రెండర్థాలూ ఒకే మాటలో ఒదగడంలో ఎంతో ఔచిత్యం ఉంది. పలుకుబడి ఉన్నవానికి అప్పు పుడుతుంది. అప్పు పుట్టినవానికి వ్యాపారం సాగి పలుకుబడి మరింత పెరుగుతుంది. ఈ వలయానికి వెలుపల నిలిచిపోయిన జనసముదాయం ఎంత శ్రమించినా, ఎంత పొదుపు చేసినా, ఆ ఫలం దాని చేతిలో నిలవదు. వెలుపలివారు లోపలికి ప్రవేశించడానికి చేసిన ప్రయత్నాలు ఏ విధంగా ఫలించాయో, ఏ కారణాల వల్ల విఫలమయ్యాయో తెలుసుకోవడానికి కలకత్తా నగర చరిత్రకు మించిన పాఠ్యగ్రంథం మన దేశంలో మరొకటి లేదు.

తొలి ప్రయత్నం: ద్వారకానాథ్ ఠాకూర్

1806లో కలకత్తాలో స్థాపితమైన బ్యాంక్ ఆఫ్ కలకత్తా 1809లో బ్యాంక్ ఆఫ్ బెంగాల్‌గా అవతరించింది. ఏభై లక్షల సిక్కా రూపాయల మూలధనంలో అయిదవ వంతు కంపెనీ ప్రభుత్వానిదే. ప్రభుత్వ అవసరాలే దానికి ప్రధానం. రుణాల గడువు మూడు నెలలకు మించరాదు. ప్రభుత్వ పత్రాలో, బంగారమో, పాడుకాని సరుకో హామీగా ఉండాలి. కొత్తగా వ్యాపారంలోకి దిగేవానికి ఈ నిబంధనల నడుమ చోటు దొరకడం దుర్లభం.

ఈ కొరతను తీర్చాలనే సంకల్పంతో 1829లో యూనియన్ బ్యాంకు వెలసింది. దాని స్థాపనలోనూ, నిర్వహణలోనూ ద్వారకానాథ్ ఠాకూర్‌ది ప్రముఖ పాత్ర. 1834లో ఆయన విలియం కార్‌తో కలసి కార్, టాగోర్ అండ్ కంపెనీని నెలకొల్పాడు. ఒక భారతీయుడు ఒక ఆంగ్లేయునితో సమాన భాగస్వామిగా నిలవడం ఆనాటి సమాజంలో అపూర్వమైన విషయం. 1836లో ఆయన రాణిగంజ్ బొగ్గు గనిని కొన్నాడు. నౌకలను లాగే ఆవిరి పడవలు, నీలిమందు, పంచదార మొదలైన పెక్కు రంగాలలో ఆయన పెట్టుబడి ప్రవహించింది.

అయితే యూనియన్ బ్యాంకులో ఒక లోపం మొదటినుంచీ ఉంది. రుణం మంజూరు చేసే డైరెక్టర్లూ, రుణం పుచ్చుకునే వర్తక సంస్థల యజమానులూ చాలావరకు ఒకరే. నీలిమందు వ్యాపారానికి ఇచ్చిన అప్పులు వసూలు కాకపోయినా గడువు పెంచి కొనసాగించారు. 1846 ఆగస్టు 1న ద్వారకానాథ్ లండన్‌లో మరణించాడు. మరుసటి సంవత్సరం ఇంగ్లండులో తలెత్తిన వాణిజ్య సంక్షోభం కలకత్తా సంస్థలను ఒక్కొక్కటిగా కూల్చివేసింది. 1848 జనవరిలో యూనియన్ బ్యాంకు మూతపడింది. కార్, టాగోర్ కంపెనీ సైతం ఆ ఏడాదే అంతరించింది. ఆ దెబ్బతో బెంగాలీ ధనికుల విశ్వాసం వాణిజ్యం నుండి తొలగి జమీందారీ భూములవైపు మళ్లిందని చరిత్రకారులు పలువురు భావించారు. ఒక బ్యాంకు పతనం ఒక జాతి ఉత్సాహాన్ని రెండు తరాలపాటు ఎంతగా కుంగదీయగలదో ఈ ఉదంతం తెలుపుతున్నది.

క్లైవ్ వీధి గోడలు

పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో కలకత్తా వాణిజ్యం మేనేజింగ్ ఏజెన్సీల హస్తగతమైంది. ఆండ్రూ యూల్, బర్డ్, జార్డిన్ స్కిన్నర్ వంటి ఐరోపా సంస్థలు జనపనార మిల్లులనూ, బొగ్గు గనులనూ, తేయాకు తోటలనూ శాసించాయి. నేడు నేతాజీ సుభాష్ రోడ్డుగా పిలువబడుతున్న క్లైవ్ వీధి వారి రాజధాని. బ్యాంకు డైరెక్టర్లు, వాణిజ్య మండలి పెద్దలు, క్లబ్బు సభ్యులు ఒకే వర్గానికి చెందినవారు. రుణగ్రహీత యోగ్యతను గురించిన అభిప్రాయం దరఖాస్తు కాగితం మీదకంటె ముందుగా క్లబ్బు బల్ల వద్దనే ఏర్పడేది. ఆ బల్ల వద్ద భారతీయునికి కుర్చీ లేదు. యౌవనంలో దళారీగా పనిచేసిన ఘనశ్యామ్‌దాస్ బిర్లా, ఆంగ్లేయుల కార్యాలయాలలో తనను లిఫ్టు ఎక్కనివ్వలేదనీ, వేచి ఉండేటప్పుడు బల్లలపై కూర్చోనివ్వలేదనీ తర్వాతి కాలంలో స్వయంగా రాసుకున్నాడు. ఆయనే 1919లో కలకత్తాలో జనపనార మిల్లును స్థాపించాడు. 1925లో ఇండియన్ చాంబర్ ఆఫ్ కామర్స్ ఏర్పాటుకు ఆయనే పూనుకున్నాడు.

1921లో మూడు ప్రెసిడెన్సీ బ్యాంకులు కలసి ఇంపీరియల్ బ్యాంకుగా రూపొందినప్పటికీ పరిస్థితి అంతగా మారలేదు. భారతీయ వ్యాపారుల పట్ల ఆ బ్యాంకు జాతి వివక్ష చూపుతున్నదన్న ఫిర్యాదులు 1931లో నివేదిక సమర్పించిన కేంద్ర బ్యాంకింగ్ విచారణ సంఘం దృష్టికి సైతం వచ్చాయి.

స్వదేశీ సమాధానం

1905లో బెంగాల్ విభజనను వ్యతిరేకిస్తూ వెల్లువెత్తిన స్వదేశీ ఉద్యమం విదేశీ వస్త్ర బహిష్కారంతో ఆగిపోలేదు. మన పొదుపు మన పరిశ్రమకే దక్కాలన్న ఆలోచన అప్పుడే బలపడింది. 1907లో కలకత్తాలో హిందుస్థాన్ సహకార బీమా సంఘం ఆవిర్భవించింది. బెంగాల్ నేషనల్ బ్యాంకు ఆ ఉద్యమం కన్న బిడ్డయే. కాని ఆ బ్యాంకు 1927లో మూతపడింది. దేశభక్తి డిపాజిట్లను రప్పించగలదే గాని, అప్పులను వసూలు చేయజాలదని దాని పతనం హెచ్చరించింది.

నిలకడైన పునాది తూర్పు బెంగాల్ చిన్న పట్టణాలలో పడింది. 1914లో నరేంద్రచంద్ర దత్త కుమిల్లా బ్యాంకింగ్ కార్పొరేషన్‌ను స్థాపించాడు. 1918లో బెంగాల్ సెంట్రల్ బ్యాంకు, 1922లో కుమిల్లా యూనియన్ బ్యాంకు, 1932లో హుగ్లీ బ్యాంకు వెలిశాయి. వకీళ్లు, ఉపాధ్యాయులు, చిన్న వర్తకులు దాచిన సొమ్మే వీటికి ఆధారం. దేశవిభజనతో కుమిల్లా సరిహద్దుకు ఆవలనే ఉండిపోయింది. ఆస్తులు ఒక దేశంలోనూ, ఖాతాదారులు మరొక దేశంలోనూ మిగిలారు. బెంగాల్‌లో బ్యాంకులు వరుసగా కూలుతున్న ఆ గడ్డుకాలంలో ఈ నాలుగు సంస్థలు 1950 డిసెంబరులో ఏకమై యునైటెడ్ బ్యాంక్ ఆఫ్ ఇండియాగా రూపొందాయి. శరణార్థులై వచ్చిన వేలాది కుటుంబాల పొదుపు బ్యాంకులతో పాటే మునిగిపోతుందా, నిలుస్తుందా అన్నది ఆనాటి సమస్య. పోటీలు మాని ఒక్కటైనందువల్లనే అవి నిలిచాయి.

ఇదే కాలంలో తెలుగుదేశంలోనూ ఇటువంటి కృషి జరిగింది. 1923 నవంబరులో డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును ప్రారంభించారు. చెల్లించిన మూలధనం కేవలం లక్ష రూపాయలు. కృష్ణా డెల్టా రైతు చేతికి వచ్చిన పంట సొమ్ము వడ్డీ వ్యాపారి పెట్టెలోకి పోకుండా, మళ్లీ ఈ నేల వ్యాపారానికే ఉపయోగపడాలన్నది ఆ కృషిలోని సారాంశం. కుమిల్లాకూ మచిలీపట్నానికీ మధ్య దూరం ఎంతైనా, రెండుచోట్ల జనాన్ని నడిపించిన ఆలోచన ఒక్కటే.

సముద్రాలకు ఆవల

జాతి వివక్ష వల్ల పరపతి కోల్పోయినవారి చరిత్ర మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో బానిసత్వం నుండి విముక్తులైన నల్లజాతివారి కోసం 1865లో ఫ్రీడ్‌మెన్స్ సేవింగ్స్ బ్యాంకు ఏర్పడింది. కూలి డబ్బుల్లోంచి వారు దాచుకున్న సొమ్ము అందులో చేరింది. కాని పెత్తనం నల్లజాతివారిది కాదు. 1870 తర్వాత ఆ సొమ్ము శ్వేతజాతి వ్యాపారులకూ, ఊహా వ్యాపారాలకూ అప్పులుగా తరలిపోయింది. 1874లో బ్యాంకు మూతపడే నాటికి సుమారు 61 వేల మంది డిపాజిటర్లకు ముప్ఫై లక్షల డాలర్లకు దగ్గరగా రావలసి ఉంది. బలహీనుల పొదుపు బలవంతుల పెట్టుబడిగా మారడానికి ఇంతకంటె విషాదకరమైన ఉదాహరణ ఉండదు.

దీనికి భిన్నమైన దారి చూపిన మహిళ మాగీ లీనా వాకర్. 1903లో రిచ్‌మండ్ నగరంలో ఒక పరస్పర సహాయ సంఘం పక్షాన ఆమె సెయింట్ ల్యూక్ పెన్నీ సేవింగ్స్ బ్యాంకును స్థాపించారు. చాకలి పని చేసుకునే స్త్రీల చిల్లర నాణేలు ఆ బ్యాంకులో చేరాయి. అక్కడి నల్లజాతి కుటుంబాలకే అవి రుణాలై తిరిగి వెళ్లాయి. 1930లో అది ఇతర నల్లజాతి బ్యాంకులతో కలసి మహామాంద్యాన్ని తట్టుకొని నిలిచింది. యూనియన్ బ్యాంకుకూ కుమిల్లా బ్యాంకులకూ మధ్య మనం చూసిన తేడాయే ఇక్కడా కనిపిస్తుంది. సొమ్ము ఎవరిది, నిర్ణయం ఎవరిది, లెక్క అడిగేవారెవరు అన్న మూడు ప్రశ్నలకు వచ్చే జవాబులను బట్టే ఒక ఆర్థిక సంస్థ న్యాయబద్ధత తేలుతుంది.

స్వాతంత్ర్యానంతరం

1969 జులై 19న పద్నాలుగు పెద్ద బ్యాంకులు జాతీయమయ్యాయి. యునైటెడ్ బ్యాంకు వాటిలో ఒకటి. ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయమైంది. రుణాలలో నలభై శాతం వ్యవసాయం, చిన్న పరిశ్రమలు, బలహీన వర్గాలు మొదలైన ప్రాధాన్య రంగాలకు దక్కాలన్న నియమం క్రమంగా స్థిరపడింది. 1962లో ప్రారంభమైన డిపాజిట్ బీమా చిన్న పొదుపుదారునికి కొంత రక్షణ కల్పించింది. అయినా హామీ చూపలేని పేదవాడు బ్యాంకు గడప వద్దనే ఆగిపోవడం తప్పలేదు.

ఆ గడపను దాటించినవారు స్త్రీలు. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం పొదుపు ఉద్యమానికి దారితీసింది. 1992లో నాబార్డు స్వయం సహాయక బృందాలను బ్యాంకులతో అనుసంధానించే కార్యక్రమాన్ని చేపట్టింది. కోల్‌కతాకు సమీపంలోని కొన్నగర్ కేంద్రంగా 2001లో చంద్రశేఖర్ ఘోష్ ప్రారంభించిన బంధన్ సంస్థ హామీ లేకుండా మహిళలకు చిన్న రుణాలు ఇచ్చింది. 2015 ఆగస్టు 23న అది 501 శాఖలతో బ్యాంకుగా అవతరించింది. ఒక సూక్ష్మరుణ సంస్థ సంపూర్ణ వాణిజ్య బ్యాంకు కావడం దేశంలో అదే ప్రథమం.

ఈ ప్రగతికి మరో పార్శ్వం కూడా ఉంది. సూక్ష్మరుణ సంస్థల అధిక వడ్డీ, కఠినమైన వసూళ్ల కారణంగా 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసివచ్చింది. 2013లో శారదా సంస్థ కుప్పకూలినప్పుడు పశ్చిమ బెంగాల్‌లో లక్షలాది చిన్న పొదుపుదారులు నష్టపోయారు. పెద్ద పరిశ్రమకు తక్కువ వడ్డీకి అప్పు దొరకగా, బుట్టలో కూరగాయలమ్మే స్త్రీ అంతకు రెట్టింపుకు పైగా వడ్డీ చెల్లించవలసిరావడం నేటికీ సాధారణమే. అప్పు అందుబాటులోకి రావడం ఒక మెట్టు. అది న్యాయమైన షరతులతో అందడం అంతకంటె పై మెట్టు.

కులం విషయంలో ఈ ప్రశ్న మరింత తీవ్రమవుతుంది. 2011 జనగణన ప్రకారం పశ్చిమ బెంగాల్ జనాభాలో 23.5 శాతం షెడ్యూల్డు కులాలవారు. తాతల నాటి ఆస్తి, పరిచయాలు, వ్యాపార కుటుంబపు పేరు – బ్యాంకు అధికారి సహజంగా వెదికే ఈ ఆధారాలన్నీ చరిత్ర వారికి నిరాకరించినవే. 1989లో ఏర్పడిన జాతీయ షెడ్యూల్డు కులాల ఆర్థికాభివృద్ధి సంస్థ, పది లక్షల నుండి కోటి రూపాయల వరకు రుణాలను ఉద్దేశించి 2016లో ప్రారంభమైన స్టాండప్ ఇండియా పథకం ఈ లోటును గుర్తించి చేసిన ప్రయత్నాలు. పథకం ఢిల్లీలో రూపొందవచ్చు. దరఖాస్తును పరిశీలించే చూపు మాత్రం శాఖలోనే ఉంటుంది.

2020 ఏప్రిల్ 1న యునైటెడ్ బ్యాంకు పంజాబ్ నేషనల్ బ్యాంకులోనూ, ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలోనూ విలీనమయ్యాయి. కుమిల్లా వకీళ్ల స్వప్నం, మచిలీపట్నం దేశభక్తుల స్వప్నం ఒకే దినాన తమ పేర్లను వదులుకున్నాయి. విస్తృతమైన బ్యాంకులకు బలం ఎక్కువన్న వాదంలో సత్యం లేకపోలేదు. అయితే ఆ చిన్న బ్యాంకులు తమ ప్రాంతపు మనిషిని ముఖం చూసి ఎరిగినవి. ఆ ఎరుకనే అవి హామీగా స్వీకరించాయి. పెద్ద బ్యాంకులు ఆ ఎరుకను తమ నిబంధనలలోనూ, శాఖాధికారుల శిక్షణలోనూ, స్థానిక ప్రతినిధులకు ఇచ్చే స్థానంలోనూ నిలుపుకోవలసి ఉంది. లేనిచో క్లైవ్ వీధి గోడలు కొత్త రంగు పూసుకొని మళ్లీ లేస్తాయి. పరిపాలనలో ఉన్నవారు ఏటా మంజూరైన రుణాల మొత్తాన్ని లెక్కిస్తారు. ఆ రుణం ఎవరికి, ఎంత వడ్డీకి, ఎవరి నిర్ణయంతో అందిందన్న లెక్క కూడా ఆ పట్టికలో చేరిననాడే ‘పరపతి’ అన్న మాటకు గల రెండర్థాలూ సామాన్యునికి దక్కుతాయి.