మనోవర్తి నుంచి పింఛను దాకా

మా అమ్మమ్మకి నెలనెలా పింఛను వచ్చేది. తాతగారు బడిపంతులుగా రిటైరై పోయారు కాబట్టి అది ఫ్యామిలీ పింఛను. రాజోలు దగ్గర ఆ ఊళ్లోనే, మా పెరటి గోడకి అవతల పాకలో ఉండే మామ్మకి కూడా పింఛను వచ్చేది. నెలకి 75 రూపాయలు. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే వయసు. ఇద్దరూ భర్తలు పోయినవాళ్లే. మామ్మ ఊహ తెలిసినప్పటినుంచీ ఊడుపులకీ కోతలకీ వెళ్లింది, కొబ్బరి డొక్కల పని చేసింది. అమ్మమ్మ గడప దాటి పనికి వెళ్లలేదు. అలాగని ఆవిడ పనిచేయలేదని కాదు. తాతగారు తొమ్మిదింటికల్లా ఇస్త్రీ పంచెతో బడికి బయల్దేరడం వెనక అమ్మమ్మ నాలుగింటికి లేచిన చాకిరీ ఉంది. కానీ ఆ చాకిరీని గుర్తించి ఇచ్చిన డబ్బు కాదది. ఫలానా ఆయన భార్య అయినందుకు ఇచ్చినది.

చిన్నప్పుడు ఈ తేడా నాకు తోచలేదు. సాహిత్యంలో వితంతువుల గురించి పరిశోధన చేస్తున్న రోజుల్లో, పాత చట్టాలు చదవాల్సి వచ్చినప్పుడు, ఆ గోడకి అటూ ఇటూ ఉన్న ఇద్దరు ముసలమ్మలూ మళ్లీ మళ్లీ గుర్తొచ్చారు.

భూమీ తోటలూ ఉన్న అగ్రవర్ణ కుటుంబాల్లో భర్త పోయిన ఆడదానికి పింఛను అనే మాట కన్నా ముందు మనోవర్తి ఉండేది. ఉమ్మడి ఆస్తిలో వాటా లేదు, తిండికీ బట్టకీ ఇంత అని ఉండేది. అది కూడా నడవడిక మీద ఆధారపడినది. 'శీలం' తప్పిందని రుజువైతే మనోవర్తి పోయేది. 1856 వితంతు పునర్వివాహ చట్టం గురించి మనం గర్వంగా చెప్పుకుంటాం. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం జరిపించిన పెళ్లి గురించి పాఠాల్లో చదువుకుంటాం. ఆ చట్టంలోని రెండో సెక్షన్ గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. మళ్లీ పెళ్లి చేసుకున్న స్త్రీకి మొదటి భర్త ఆస్తిలో ఉన్న హక్కంతా రద్దని అది చెబుతుంది. పెళ్లికి తలుపు తీసి, అన్నం గిన్నె తీసేసుకున్నారన్నమాట. 1937లో హిందూ స్త్రీల ఆస్తి హక్కుల చట్టం వచ్చింది. అయితే అది వ్యవసాయ భూమికి వర్తించలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో భూమికి దాన్ని వర్తింపజేసింది 1947లో. ఉన్నదంతా వరిచేలూ కొబ్బరితోటలే అయిన కోనసీమలో ఆ పదేళ్లూ ఆ చట్టం ఏ విధవరాలికి ఏం చేసి ఉంటుంది? 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చాక గాని ఆమె చేతిలోని ఆస్తి పూర్తిగా ఆమెది కాలేదు.

మనోవర్తి చాలనివాళ్లూ అది అందనివాళ్లూ ఏం చేసేవారు? 'కన్యాశుల్కం'లో పూటకూళ్లమ్మని చూసి మనం నవ్వుకుంటాం. గిరీశం ఆవిడ డబ్బు కాజేస్తే ఇంకా నవ్వుకుంటాం. నా మట్టుకు నాకు ఆవిడ తన వృద్ధాప్యానికి తానే ఏర్పాటు చేసుకుంటున్న మనిషి. నలుగురికీ వండిపెట్టి, ఆ రాబడితో ఎవరి దయా లేకుండా బతకాలనుకున్నది.

మామ్మ వాళ్ల పూర్వీకులకి ఈ చట్టాలేవీ తగల్లేదు. ఆస్తి లేదు కాబట్టి మనోవర్తి లేదు. మారుమనువు ఉండేది. దాన్ని స్వేచ్ఛ అని మురిసిపోవడానికి నాకు మనసొప్పదు. చేతులాడినంతకాలం కూలి, ఆడని రోజున కొడుకు పెట్టినంత. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న 'పాలేరు' నాటకం రాశారు. పాలేరు భార్య ముసలితనం గురించి కూడా ఎవరైనా రాసి ఉంటే బాగుండేదని నా ఆశ.

వృద్ధాప్య పింఛను దేశమంతటికీ ఒక కేంద్ర పథకంగా వచ్చింది 1995 ఆగస్టు 15న. 65 ఏళ్లు నిండి, ఏ ఆధారమూ లేనివారికి కేంద్రం నుంచి నెలకి 75 రూపాయలు. మరుసటి సంవత్సరం మన రాష్ట్రంలో రెండు రూపాయల బియ్యం మూడున్నర అయింది. ఇరవై కిలోలు కొంటే 70 రూపాయలు. మిగిలిన ఐదు రూపాయలతో మామ్మ ఉప్పూ కిరసనాయిలూ కొనాలి. ఆ మాత్రానికి కూడా ఎదురుచూసేవారు. ఎందుకంటే ఇన్ని పింఛన్లే అని పైనుంచి లెక్క కట్టి ఇచ్చేవారు. పాతవాళ్లు పోతే గాని కొత్తవాళ్ల పేరు ఎక్కదు. ఊళ్లో ఎవరైనా పోయారంటే అయ్యో అన్న నోటితోనే "మరి ఆ పింఛను ఎవరికొస్తాదో" అనేవారు. ఆ మాటలో కాఠిన్యం ఉందని అప్పట్లో అనుకున్నాను. కాఠిన్యం లెక్క కట్టినవాళ్లది.

1996 నవంబరు 6 రాత్రి తుపాను నాకు లీలగా గుర్తుంది. తెల్లారేసరికి కొబ్బరిచెట్లు నేలమీద ఉన్నాయి. సముద్రం మీదకి వేటకి వెళ్లిన మగవాళ్లు ఎందరో తిరిగి రాలేదు. మొత్తం వెయ్యిమందికి పైగా పోయారు. తీరాన ఉన్న ఊళ్లలో ఒక్కసారిగా పాతికా ముప్పై ఏళ్ల విధవరాళ్లు మిగిలిపోయారు. కేంద్ర పింఛనుకి 65 నిండాలి. కేంద్రం వితంతు పింఛను పెట్టింది 2009లో, అదీ నలభై దాటినవారికి. రాష్ట్రం తన ఖాతాలో ఇచ్చినవి పక్కనబెడితే, ముప్పై ఏళ్లకి భర్తని తుపానులో పోగొట్టుకున్న మనిషి ఆ డబ్బు చూడటానికి నలభై మూడేళ్లు రావాలి. ఈలోగా పిల్లల్ని పెంచేసి ఉంటుంది, ఎలా పెంచిందో అడగడానికి ఏ ఫారంలోనూ గడి లేదు.

ఇటు ఉద్యోగుల వైపు చరిత్ర వేరు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు పింఛను యజమాని దయాధర్మం కాదని, చేసిన పనికి రావలసిన హక్కని తేల్చింది. రిటైరైనవాళ్లు ఇప్పటికీ ఆ రోజున సభలు పెట్టుకుంటారు. ఆ హక్కు కూడా ఎంతోకాలం నిలవలేదు. 2004 సెప్టెంబరు నుంచి మన రాష్ట్రంలో చేరిన ఉద్యోగులకి పాత పింఛను లేదు, జీతంలోంచి కోసి మార్కెట్లో పెట్టే సీపీఎస్. 2023లో హామీ పింఛను చట్టం చేశారు. నావంటి కాంట్రాక్టు లెక్చరర్లు ఏ తీరుకీ చెందరు కనక ఆ చర్చ వింటూ కూచోడమే. ఫ్యామిలీ పింఛనులో మాత్రం పాత వాసన పోలేదు. భార్య మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆగిపోతుందన్న నియమం చాలాకాలం అలాగే నడిచింది. పిల్లలు లేని వితంతువులకి కేంద్ర ఉద్యోగాల్లో 2006 తరవాత కొంత సడలించారు. 1856 నాటి రెండో సెక్షన్ ఎంత దూరం ప్రయాణం చేసిందో చూడండి!

ఈ మొత్తం చరిత్రలో ఒక్క పథకం నాకు వేరుగా కనిపిస్తుంది. 2009 నాటి అభయహస్తం. డ్వాక్రా సంఘంలో ఉన్న స్త్రీ రోజుకో రూపాయి కడితే ప్రభుత్వం ఇంకో రూపాయి కలుపుతుంది, అరవై దాటాక నెలకి కనీసం 500. అప్పటికి మామూలు పింఛను 200. ఆధారం లేనిదనో, విధవనో రుజువు చేసుకోనక్కరలేదు. భర్త ఉన్నాడా, పోయాడా, వదిలేశాడా అని అడగలేదు. తను కట్టిన రూపాయి, తన పేరు, తన పాసుబుక్కు. దాన్ని నేను ఆకాశానికెత్తడం లేదు. కూలి దొరకని నెలలో ఆ ముప్పై రూపాయలూ బరువే. పైగా బీదరాలి చేత కట్టించి బీదరాలికిచ్చే పింఛను ఏం న్యాయం అని అడగొచ్చు. అయినా ఆ పుస్తకాన్ని పెట్టె అడుగున చీరల మధ్య దాచుకున్న ఆడవాళ్లని చూశాను. 2014లో మామూలు పింఛను వెయ్యి అయ్యేసరికి ఆ 500 వెలవెలబోయింది. కట్టడాలు ఆగాయి, ఎల్ఐసీ దగ్గరున్న నిధి తరవాత ప్రభుత్వానికి మళ్లింది, పథకం నెమ్మదిగా కనుమరుగైంది. రద్దైనప్పుడు పెద్ద గొడవేమీ జరగలేదు.

మొత్తం పెరిగిన మాట నిజం. 2019 జనవరిలో 2000, జూన్‌లో 2250, వయసు 65 నుంచి 60కి దిగింది. 2024 జనవరికి 3000, జులై నుంచి 4000. కేంద్రం వాటా మాత్రం 2006లో 200 అయ్యాక, ఎనభై లోపు వారికి అక్కడే ఆగింది. నాలుగువేలు వస్తున్న ఇంట్లో ముసలామె మందులు మానేయక్కరలేదు, కోడలి ముందు గొంతు కొంచెం పైకి లేస్తుంది. ఇవి చిన్న విషయాలు కావు. దక్షిణాఫ్రికాలో నల్లజాతి వృద్ధులకి పింఛను విస్తరించాక ఎస్తర్ డ్యూఫ్లో చేసిన పరిశీలనలో, డబ్బు అమ్మమ్మ చేతికి వచ్చిన ఇళ్లలో మనవరాళ్ల ఆరోగ్యం మెరుగుపడింది. తాత చేతికి వచ్చినచోట ఆ మార్పు కనిపించలేదు.

అందుకే ఎవరి చేతికి అన్న ప్రశ్నని వదలలేం. 2019 తరవాతి నిబంధనల్లో, కొన్ని మినహాయింపులు తప్ప, ఒక కార్డుకి ఒకే పింఛను. ముసలి దంపతులిద్దరూ ఉన్న ఇంట్లో ఎవరి పేరు రాయించి ఉంటారో ఊహించడం కష్టం కాదు. వేలిముద్రల సంగతి మరొకటి. నలభై ఏళ్లు పీచు పేనిన, నారు నాటిన వేళ్ల మీద గీతలు ఎక్కడ మిగులుతాయి? పనిచేసినందుకు అరిగిన వేలే పింఛనుకి అడ్డం పడుతుంది. 2020 ఫిబ్రవరి నుంచి డబ్బు గుమ్మంలోకే వస్తే, అలా అరిగిన చేతులవాళ్లకి అది ఎంత ఊరటో చెప్పలేను. 2024 ఎన్నికల ముందు వాలంటీర్లని ఆపినప్పుడు ఏప్రిల్లో సచివాలయాల ముందూ, మే నెలలో బ్యాంకుల ముందూ ఎండలో కూచున్నది కూడా వీళ్లే.

ఇక్కడ ఇంకో పింఛను ఉంది, ఏ జీవోలోనూ ఉండదు. అమలాపురం, రాజోలు వైపు పల్లెల్లో కువైట్ వెళ్లిన కూతురు పంపే డబ్బు. తల్లి ఇక్కడ మనవల్ని పెంచుతుంది, కూతురు అక్కడ ఇంకొకరి పిల్లల్ని పెంచుతుంది. ఇంటిపనివాళ్లకి పనిచేసిన ఏడాదికి ఒక నెల జీతం చొప్పున చివర్లో ఇవ్వాలని 2015లో కువైట్ చట్టం చేసింది. అది అడిగి తీసుకోగలిగినవాళ్లు ఎంతమందో గాని, యాభై దాటి వెనక్కొచ్చిన ఆ కూతుళ్లు ఇప్పుడు అరవై కోసం ఎదురుచూస్తున్నారు.

క్రితం సంక్రాంతికి వెళ్లినప్పుడు మామ్మగారి కోడలు కనిపించింది. ఆవిడకిప్పుడు అరవై ఎనిమిది. కొబ్బరి ఒలుపు చేసే భర్త అంతకుముందు ఏడాది పోయాడు. పింఛను వస్తోందా అని అడిగాను.

"వస్తాందండి. ఆయన ఉన్నన్నాళ్లూ ఆయన పేరే కదండి. ఆయన పోయాక నా పేరెక్కించారు. ఇప్పుడు ఒకటో తారీకు వచ్చి నన్నే పిలుత్తారండి, పేరెట్టి."

పక్కనున్న మనవరాలు ఆ పిలిచిన తీరు చేసి చూపించింది. ముగ్గురం నవ్వాం. తరవాత ఆవిడ డొక్కల గుట్ట వైపు వెళ్లిపోయింది, ఇంకా పని మిగిలి ఉందట.